నెల్లూరిలో నొక పాట



గడచిన మాసమున ఉసిరిక తొక్కును గూర్చి వ్రాయుచు, ఈ మాసమున సకినములను గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నాము. సకినము లెక్కడికిని పోవు. సంక్రాంతి సెలవులలో మేము నెల్లూరు పోయి వచ్చితిమి. ఏల పోయితిరని ఇరుగుపొరుగువా రడిగిరి. పెండ్లికా, మ్రొక్కుబడికా, వైద్యమునకా యని. ఏదియు గాదు, పాటలు పాడిన యొకరి యూరు చూచుటకని చెప్పగా కొందరు నవ్విరి. నవ్వినవారిలో మావారి సహోపాధ్యాయు లొకరు గలరు. వారు క్రికెట్టు పందెము చూచుటకు సెలవు పెట్టి హైదరాబాదు పోవుదురు.

మా శ్రీరాంపూరు ఏదియో ముందుగా చెప్పవలెను. పెద్దపల్లివైపున కాల్వ శ్రీరాంపూరు వేరొకటి కలదు. మా యుత్తరములు కొన్ని అచ్చటికి పోవును, అచ్చటివారి శుభలేఖలు కొన్ని మాకు వచ్చును. మాది మంచిర్యాల చెంతనున్న బొగ్గుగనుల శ్రీరాంపూరు. ఉదయమున ఆరవేసిన తెల్లచీర సాయంకాలమునకు బూడిదవన్నె తిరుగును. సైరను మ్రోతనుబట్టి అన్నము వార్చుకొను నిండ్లు మా చుట్టును గలవు. ఇట్టి యూర సంగీత మెక్కడిదని యడుగకుడు. మొదటి షిఫ్టుకు పోవువాడు తెల్లవారుజామున రేడియో పెట్టును. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడు నిద్రపట్టుటకు దానినే పెట్టును. ఆ రెండు వేళలను మా గోడలు దాటి వచ్చిన గొంతు చాల యేండ్లు ఒక్కటియే. అది శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యము గారిది. లోకమునకు ఎస్పీ బాలు. మా వీధివారికి ఉత్త బాలు.

మా పుట్టినింట మాత్రము సినిమా పాట నిషిద్ధము. మా తండ్రిగారు మాకు అమరకోశము, రఘువంశము, భారత భాగవతములు ఇంటనే చెప్పిరి. తప్పు చదివిన పద్యమును పదిసార్లు చదివించెడివారు. చెవికి తలుపు లేదు గదా. 1996లో పాడుతా తీయగా యను కార్యక్రమము ఈటీవీలో మొదలైనపుడు మేము పొరుగింటి గడపమీద కూర్చుండి దానిని చూచెడివారము. పాడిన పిల్లలను బాలు గారు ముందు మెచ్చుకొనెడివారు. పిమ్మట ఎచ్చట ఒత్తు జారినదో, ఎచ్చట శకారము సకారమైనదో మెల్లగా చెప్పెడివారు. ఆ పిల్లకు కంట నీరు రాకుండ తప్పు చెప్పుట మాకు మిక్కిలి వింతగా తోచెను. మా తండ్రిగారు ఒకనాడు మమ్ము వెదకుచు వచ్చి ఆ గడప యొద్దనే నిలిచి కొంతసేపు వినిరి. "ఈయనకు ళకారము తెలియును" అని మాత్రమనిరి. వారి నోట అంతకు మించిన మెప్పు మేమెన్నడును వినలేదు. అయినను మరునాడు ఆ గడపకు పోనీయలేదు.

మేము నెల్లూరు పోవుచున్నామని తెలిసి మా వెనుకవాకిటి పొరుగామె వచ్చెను. మాకన్న ఇరువదియేండ్లు పెద్ద. మేము అక్కా యందుము. ఆమె పెనిమిటి గనిలో బొగ్గు తీసినవాడు, రెండేండ్ల క్రిందట కామెరలతో పోయెను. ఆమె కొంగున ముడివేసి తెచ్చిన దొక పాత క్యాసెట్టు.

"చెల్లె, మీరు బాలు ఊరికి పోతున్రంట గదా. రిటైరైనంక నెల్లూరు పోవాలె, ఆయన ఇల్లు జూడాలె అని మా ఆయన ఎప్పుడు అనుకుంట ఉండె. పోలె. గిది పట్కపోండ్రి. ఆ ఇంటి ముంగట గీ పాట ఒక్కపారి పెట్టుండ్రి."

మేము వెంటనే సరే యంటిమి. పాట యేదని పిదప నడిగితిమి; ముందడుగవలసినది. ఏ శంకరాభరణములోనిదో, ఏ శివస్తోత్రమో యనుకొంటిమి. కాదట. 1987లో వచ్చిన పసివాడి ప్రాణము చిత్రములోని బ్రేకుడాన్సు పాటయట. చక్రవర్తి గారు బాణీ కట్టినది, చిరంజీవి గారు ఒడలెల్ల విరుచుకొని ఆడినది. పెండ్లియైన క్రొత్తలో ఆమె మగడు ఆ పాటకు వాకిట గంతులు వేయగా, అత్తగారు చీపురు తీసికొని వచ్చినదట. అది చెప్పుచు ఆమె నవ్వెను. మేమును నవ్వితిమి గాని, లోలోపల గుండె దడదడలాడెను. ఏలనగా బాలు గారు తమ నెల్లూరి యింటిని 2020 ఫిబ్రవరిలో కంచి కామకోటి పీఠమునకు వేదపాఠశాల నిమిత్తము ఇచ్చివేసిరని మాకు తెలియును. అట్టి యింటి ముందర నిలిచి బ్రేకుడాన్సు పాట పెట్టవలెనా?

అమెరికాలో నున్న మా పినతల్లి కుమారునితో ఫోనులో ఈ ముచ్చట చెప్పగా అతడు విరగబడి నవ్వి, "అక్కా, ఇక్కడ ఇది మామూలే" అనెను. ఆ దేశమున ఎల్విస్ ప్రెస్లీ యను గాయకుడుండెను. రాక్ అండ్ రోల్ అని పేరుపడిన ఆ గంతుల సంగీతమునకు అతనిని రాజని పిలిచిరి. అతడు 1935 జనవరి 8వ తేదీన మిస్సిసిపీ రాష్ట్రమున టుపెలో యను నూర రెండు గదుల కొయ్యయింట పుట్టెను. 1977 ఆగస్టు 16న మెంఫిస్ నగరమున గ్రేస్‌లాండ్ అను తన భవనమున మరణించెను. ఆ రెండు గదుల యిల్లు నేటికిని నిలిచియున్నది. గ్రేస్‌లాండును 1982లో జనులు చూచుటకు తెరచిరి. ఏటేట ఆగస్టులో అభిమానులు దీపములు పట్టుకొని రాత్రివేళ అతని సమాధి యొద్దకు బారులు తీరి నడుతురట. ఇంగ్లాండున లివర్‌పూల్ నగరములో బీటిల్సు గాయకులైన లెన్నన్, మెకార్ట్నీ గారల చిన్ననాటి యిండ్లను నేషనల్ ట్రస్టువారు వంటపాత్రలతో సహా నాటి రీతిగా నుంచి చూపుచున్నారు. ఇవి విన్నపుడు మాకు కొంత ధైర్యము గలిగెను. ఇన్ని దేశములలో ఇందరు చేయుపని మేము చేసిన తప్పేమి?

కాని మన బాలు గారికి ఊరెక్కడ యను ప్రశ్న వచ్చినపుడు మాకును మావారికిని ఒక సాయంకాలమెల్ల వాదము జరిగెను. పుట్టినది 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో. అది యిప్పుడు తమిళనాడులో నున్నది. బాల్యమున కొంత చదివినది నగరిలో మేనమామగారి యింట, ఆపైన శ్రీకాళహస్తిలో. ఇంజనీరింగు చదువ మొదలిడినది అనంతపురములో. విషజ్వరము వచ్చి అది మానవలసివచ్చెను. పేరు సంపాదించినది మదరాసులో. 2020 సెప్టెంబరు 25న కరోనా పిమ్మటి యనారోగ్యముతో అచ్చటనే యాసుపత్రిలో కన్నుమూసిరి. మట్టిలో కలిసినది మదరాసునకు చేరువనున్న తామరైపాక్కములోని తమ తోటలో. ఇన్ని యూళ్లుండగా నెల్లూరెట్లగునని మావారు. తల్లిదండ్రులు కాపురమున్న యూరు, హరికథకులైన తండ్రి సాంబమూర్తి గారు కథలు చెప్పిన యూరు, "మీదేయూ" రని యడిగినపుడు మనిషి నోట వచ్చు యూరు, అదియే యూరని మేము. ఆడవారమైన మనకు ఈ సంగతి తెలిసినంతగా పురుషులకు తెలియదు. మనము పుట్టిన దొకచోట, మెట్టిన దొకచోట గదా. చివరకు మావారు టిక్కెట్లు నెల్లూరికే తీసిరి.

మంచిర్యాలలో బండి యెక్కినది మొదలు మా పదునొకండేండ్ల యమ్మాయి పాడుచునే యున్నది. దానికిని మాకును అప్పటికి వారము దినములుగా మాటలు సరిగా లేవు. జనవరి 26న బడిలో జరుగు సభకు అది యొక సినిమా పాట, అందును గంతులపాట, పాడెదనన్నది. పోతనగారి పద్యము పాడుమని మేము. అది పద్యమును చక్కగానే పాడును. కాని మొగము వ్రేలవేసికొని పాడును. వరంగల్లు దాటిన పిమ్మట నిద్రపోయెను. మేము కిటికీ యొద్ద కూర్చుండి, పండ్రెండవయేట మమ్ము పాటల పోటీకి పంపని మా తండ్రిగారిని తలచుకొంటిమి. అప్పుడు వారు చెప్పిన మాటలే ఇప్పుడు మా నోట వచ్చినవి. అక్షరము మారలేదు.

తెల్లవారినపుడు నెల్లూరు. మాకది మొదటినుండియు తిక్కన సోమయాజి గారి యూరు. పదుమూడవ శతాబ్దమున మనుమసిద్ధి కొలువున నుండి విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు తెలుగు చేసిన మహానుభావుడు నడచిన నేల. స్టేషను వెలుపలికి రాగానే మేము కన్నులొత్తుకొంటిమి. ఆటోవాడు మాకు కంటిలో నలుసు పడెననుకొని నీళ్ల సీసా ఇచ్చెను. పెన్న యొడ్డున రంగనాయకుల సేవ చేసికొని, పూటకూటి యింట అన్నము తింటిమి. నెల్లూరి మొలగొలుకులని చిన్ననాట విన్న బియ్యము నడిగితిమి గాని, అవి యిప్పుడు దొరకుట యరుదని వడ్డించినవాడు చెప్పెను. చారు మాత్రము చక్కగా నుండెను.

తిప్పరాజువారి వీధిలో దారి చెప్పినది ఒక పూలమ్మి. మేము నోరు తెరువకముందే, "బాలు ఇల్లేనా మా? అదో, ఆ కనపడేదే. ఎవురో ఒకరు వస్తానే ఉంటారు" అనెను.

మేము చూచితిమి. ఏమి చూచితిమని యడిగిన చెప్పుట కష్టము. టుపెలోలోవలె చీటీ కొని లోనికి పోవు నిల్లు గాదు. ఆయన కూర్చున్న కుర్చీ యిది, త్రాగిన లోటా యిది యని చూపువారు లేరు. ఇల్లు తన పని తాను చూచుకొనుచున్నది. మధ్యాహ్నపు వేళ, తలుపు వేసియున్నది. మాకు మొదట కొంత వెలితి తోచినమాట నిజము. ఇంతదూరము వచ్చి ఒక గోడను చూచి పోవలెనా యనిపించినది. కాని ఇచ్చివేసిన వస్తువును ఇచ్చినవాని గుర్తుగా చూపుమనుట న్యాయము గాదు. దాన మిచ్చిన యావు పాలు మన చెంబులోనికి రావు.

ఇక పాట. మావారు తరగతిలో అరువదిమంది పిల్లలను కనుసన్నతో నిలుపగలవారు. ఆ వీధిలో మాత్రము ఫోను చేతబట్టి తేలును పట్టినట్లు నిలిచిరి. క్యాసెట్టు మా యరచేతిలో నున్నది. దానిమీద నీలిసిరాతో ఆ మనిషి వ్రాసికొన్న యక్షరములు సగము చెరిగినవి. మేము మెల్లగా, "శివస్తోత్రము పెట్టుదము, అదియు బాలు గారిదే గదా, అక్కకు ఏమి తెలియును?" అంటిమి. వ్రాయుటకు సిగ్గగుచున్నది, కాని అన్నమాట అన్నట్లే వ్రాయుచున్నాము.

అమ్మాయి మావైపు చూచి, "అమ్మా, పెద్దమ్మ చెప్పింది ఆ పాట కాదు" అనెను.

మావారు పాట పెట్టిరి. తగ్గించియే పెట్టిరి గాని వీధి ఇరుకైనది గనుక వినబడెను. సైకిలుమీద పోవుచున్న కుఱ్ఱవాడొకడు వెనుదిరిగి చూచి పోయెను. మేము తల వంచుకొని, పాట యెప్పుడు ముగియునా యని యుంటిమి. అట్లు తల వంచుకొని వినుటచేతనే కాబోలు, అంతవరకు వినని దొకటి వింటిమి. ఆ గంతులలో, ఆ డప్పుల హోరులో, ఒక్క అక్షరమును నలుగలేదు. ఒత్తు ఒత్తుగానే యున్నది. మా తండ్రిగారు మెచ్చిన నాలుకయే యిదియు.

ఆయన శాస్త్రీయ సంగీతమును గురువునొద్ద క్రమముగా నేర్చినవారు గారు. ఆ మాట ఆయనయే సభలలో దాపరికము లేక చెప్పుకొనెడివారు. బాలుని పాటను గూడూరులో నొక పోటీయందు విని, సినిమాలలో పాడుమని ప్రోత్సహించినది ఎస్. జానకి గారు. ఈ సంగతి మన పత్రిక చదువు సోదరీమణులు గుర్తుంచుకొనవలెనని మా కోరిక. 1964లో మదరాసులో జరిగిన పోటీలో ఘంటసాల గారు, ఎస్.పి. కోదండపాణి గారు న్యాయనిర్ణేతలుగా నుండగా మొదటి బహుమతి వచ్చెను. ఆ కోదండపాణి గారే 1966 డిసెంబరు 15న శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న చిత్రమునకు మొదటి పాట పాడించిరి. 1980లో విడుదలయైన శంకరాభరణమునకు పాడుమన్నపుడు, తనవల్ల కాదని ఆయన వెనుకాడిరట. కె.వి. మహదేవన్ గారి సహాయకులైన పుగళేంది గారు దగ్గర కూర్చుండి సాధన చేయించిరి. ఆ చిత్రమే ఆయనకు జాతీయ పురస్కారము తెచ్చెను. ఆపైన మరి యయిదు వచ్చెను, మొత్తము నాలుగు భాషలలో. శంకరశాస్త్రికి పాడిన యేండ్లలోనే చిరంజీవికి పాడిరి. ఒకటి పై మెట్టు, ఒకటి క్రింది మెట్టు అనుకొని పాడినట్లు ఎచ్చటను వినబడదు. మెట్లు మనము కట్టుకొన్నవి.

ఆ పాట సాగుచుండగా మాకు సాంబమూర్తి గారు గుర్తునకు వచ్చిరి. వారిని మేము చూడలేదు. కాని హరికథ చూచియున్నాము. కాలికి గజ్జె, చేత చిడతలు, మెడలో దండ. ఒకవైపు సంస్కృత శ్లోకము, వెంటనే ఒక పిట్టకథ, నవ్వించి నవ్వించి యొక్కసారిగా సీతమ్మవారి దుఃఖము. భాగవతులు గంతు వేయకున్న కథ నడువదు. ఆ గంతును మేము ఏనాడును తప్పుపట్టలేదు. అట్టి తండ్రి యింటి ముందర అట్టి పాట వినబడుట అంత అపచారమా? మా యమ్మాయి పాదము తాళము వేయుచున్నది. మేము వలదనలేదు.

పాట ముగిసినది. పూలమ్మి దగ్గరకు వచ్చి, "చిరంజీవిది గదా మా ఇది! ఎవురికోసం పెట్టినారు?" అని యడిగెను. చెప్పితిమి. ఆమె ఏమియు ననక బుట్టలోని మల్లెమూర యొకటి తీసి, "ఆ గోడమీద పెట్టు మా" అనెను. పెట్టితిమి. డబ్బులియ్యగా తీసికొనెను. తీసికొనుటయే మాకు బాగుండెను.

నెల్లూరి ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు బాలు గారి పేరు పెట్టిరి. దానిని కూడ చూడబోతిమి గాని, పండుగ దినములు గనుక మూసియుండెను. అమ్మాయి పలకమీది పేరును పొల్లు తప్పకుండ పైకి చదివెను. రాత్రి బండిలో తిరిగి వచ్చునపుడు, జనవరి 26న ఏ పాట పాడుదువని మే మడుగలేదు. అది చెప్పనును లేదు. మూడు దినములుగా దొడ్డి తలుపు వేసికొని సాధన చేయుచున్నది. పద్యమువలె మాత్రము వినబడుట లేదు.

ఊరు చేరిన సాయంకాలము క్యాసెట్టు పట్టుకొని అక్క యింటికి పోయితిమి. ఆమె చేతులు కడిగికొని వచ్చి తీసికొనెను.

"ఇల్లు పెద్దదేనా చెల్లె?"

"మామూలు ఇల్లే అక్కా. ఇప్పుడు వేదం చెప్పేటందుకు ఇచ్చిన్రు."

"ఆయన్నే ఇచ్చిండా?"

"ఆయనే."

ఆమె కొంతసేపూరకుండి, "పాట మొత్తం పెట్టిన్రా, నడుమల ఆపిన్రా?" అని యడిగెను.

"మొత్తం పెట్టినం."

"ఎవ్వలన్న ఏమన్న అన్నరా?"

పూలమ్మి సంగతి చెప్పితిమి. అక్క క్యాసెట్టును కొంగుతో తుడిచి గూటిలో దీపపు కుంది ప్రక్కన పెట్టెను. అంతలో సైరను మ్రోగెను. కుమారుడు రాత్రి షిఫ్టుకు పోవలెను, డబ్బా కట్టవలెనని లేచెను. వాకిటివరకు వచ్చి, "చీపురు సంగతి ఆమెకు చెప్పలేదు గదా?" అనెను. చెప్పితిమంటిమి. నవ్వుచు లోనికి పోయెను.

సకినములకు బియ్యము నానవేయు విధము వచ్చు మాసమున.